యంత్రంలో చోటు

2006లో అనకాపల్లి కాలేజీ పత్రికలో అచ్చయిన తన కథని పావని అమ్మమ్మకి చదివి వినిపిస్తోంది. కొండలమ్మ చింతపండులో పిక్కలు తీస్తూ వింటోంది.

కథలో మనవరాలు కాలయంత్రమెక్కి అరవై ఏళ్లు వెనక్కి వెళుతుంది. కామందు పశువులపాకలో కంబారిగా, అంటే వెట్టి పాలేరుగా, ఉన్న కొండలమ్మ తండ్రిని శారదానది దాటించేస్తుంది. "ఆ రోజుతో మా ఇంటికి వెట్టి తీరిపోయింది" అన్నది చివరి వాక్యం.

కొండలమ్మ చేతులు ఆగిపోయాయి.

"మా అయ్య ఎల్లిపోయేక ఆ పాకలో నీకింకెవులూ కనపడనేదా?"

"లేదమ్మమ్మా. ఏం?"

"మా అయ్య నిజంగానే పారిపోయేడు. నీకెవులూ సెప్పనేదు. కంబారోడు పారిపోతే ఇంట్లో మనిషిని బదులు పెట్టాలి. మర్నాడే నన్నట్టుకెళ్లేరు. అప్పటికెనిమిదేళ్లు నాకు. పెళ్లయ్యేదాకా ఆ పాకలోనే ఉన్నాను."

పావని పత్రిక మూసేసింది.

"మూయకమ్మా. బాగా రాసేవు." కొండలమ్మ మళ్లీ ఓ చింతపండు రెబ్బ అందుకుంది. "ఈసారి ఎల్లినప్పుడు ఆ మర్నాడు కూడా యంత్రాన్ని కూసింతసేపు ఆపు. నెత్తిమీద పేడతట్ట దించేసి నేనూ వచ్చేత్తాను."