చప్పుడు లేని కారు

కారు గుట్ట దిగుతుండగానే డప్పు మోగింది.

స్టీరింగు మీద నరహరి రావు దొర వేళ్లు తాళం వేశాయి.

"విన్నవా బావా? ఎవ్వడు పిలువలే, ఎవ్వడు జెప్పలే. నా కారు కానొస్తే సాలు, కొడ్తడు."

పక్కన కూర్చున్న సుదర్శన్ రావు దొర చెల్లెలి భర్త. జింకల షికారు కోసం నల్లగొండ నుంచి వచ్చాడు.

గుట్ట కింద గూడెం. బాట గూడెం నడుమ నుంచే పోతుంది. బండ మీద నిలబడి ఒక బక్క మనిషి ఆగకుండా డప్పు కొడుతున్నాడు. ఆడవాళ్లు పిల్లలను రెక్క పట్టి లాక్కుని, బాట పక్కన తల వంచుకుని నిలబడ్డారు.

"సూడు, ఎంత అదబ్ ఉన్నదో" అన్నాడు దొర.

కారు పాతది. హైదరాబాదులో ఒక ఇంగ్లీషు అధికారి తన దేశానికి పోతూ వదిలించుకున్న రెండు సీట్ల రేసు కారు. కోస్గి దగ్గరి గడికి వచ్చిన కొత్తలో ఎర్రగా ఉండేది. దాని గర్జన అవతలి ఊరికి వినబడేది.

జింకలకూ వినబడేది. అందుకని దొర పట్నం మిస్త్రీని రప్పించి పొగగొట్టానికి సైలెన్సర్ పెట్టించాడు. ఎరుపు మీద మట్టి రంగు కొట్టించాడు. హారన్ పీకించేశాడు. గుట్ట మీద ఇంజను ఆపి ఏటవాలున జారనిస్తే చెవుల్లో గాలి తప్ప ఇంకేమీ ఉండదు. ఆ జారుడంటే దొరకు ప్రాణం.

"జింక చెవి గూడ లేపది బావా."

దసరాకు ఆయుధపూజలో తుపాకీ పక్కనే కారుకూ బొట్టు పెట్టాడు.

"ముందట గీ సొట్ట ఏంది మరి?" అడిగాడు సుదర్శన్ రావు.

"ఎండకాలంల మేకపిల్ల తగిలింది. గీడనే. ఎవరిదో, వాన్ని గడికి రమ్మంటే రాకపాయె. మందల నుంచి ఇంకోటి ఇద్దును."

ఫుట్‌బోర్డు మీద నిలబడ్డ నౌకరు గాలయ్య దుమ్ముకు మొహం తిప్పుకున్నాడు.

ఆ రోజు వేట దొరకలేదు. గూడెం దాటి బయలుకు చేరేసరికే జింకలు డప్పుకు బెదిరి దూరంగా చుక్కలై పోయాయి.

సుదర్శన్ రావు నవ్వాడు. "కారు నోరు మూసినవు గని బావా, వాని డప్పు నోరు మూయలేకపోతివి. గింత జేసి ఏం ఫాయిదా?"

దొర మొహం మాడిపోయింది.

తిరుగుదారిలో గూడెం దగ్గర కారు ఆపాడు. డప్పు మనిషి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నిన్ను ఎవడు కొట్టుమన్నడుర?"

"ఎవ్వరు అనలే దొరా."

"ఇగ కొట్టకు."

"కొట్టకుంటె ఎట్ల దొరా? మీ కారు సప్పుడు జెయ్యది. ఎవరో ఒకరు జెయ్యాలె గద."

బావలిద్దరూ పగలబడి నవ్వారు.

"నా కారుకు నువ్వు సప్పుడా! గాలయ్యా, తోలు కోసెయ్."

గాలయ్య కత్తి తీశాడు కానీ చెయ్యి లేవలేదు.

"గాలయ్యా" అన్నాడు దొర మళ్లీ.

తోలు నిలువునా చీలింది. ఆ మనిషి ఏడవలేదు. ఉత్త చట్రాన్ని చంకన పెట్టుకుని గూడెంలోకి నడిచాడు.

మర్నాడు పొద్దున దొర దీపం ముందు చేతులు జోడించాడు. "ఇయ్యాల వేట దొరకాలె సామీ."

అదే పొద్దున గుట్ట కింద ఎవరు ఏం మొక్కుకున్నారో. అన్నీ ఆ ఒక్క స్వామికే చేరతాయి. ఏది ముందు వింటాడో మనకేం తెలుసు?

గుట్ట మీద ఇంజను ఆగింది. కారు జారింది. డప్పు మోగలేదు.

"ఇప్పుడు బాగున్నది" అన్నాడు సుదర్శన్ రావు.

మలుపు తిరగ్గానే బాట నడుమ ఆ మనిషి. రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు. గాలి హోరులో వినబడలేదు.

"జరుగుతడు" అన్నాడు దొర. "దొరకు బాట ఇయ్యనోడు ఉంటడా?"

జరగలేదు.

దొర బ్రేకు తొక్కాడు. పాత బ్రేకు. కారు అతన్ని ఈడ్చుకుపోయి ఆగింది.

దుమ్ము మెల్లగా దిగింది.

కారుకు ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, పిల్లలు బాట మీద కూర్చుని చింతగింజలు ఆడుతున్నారు. అప్పుడు తలెత్తి చూశారు. కారు వచ్చినట్టు వాళ్లకు తెలియదు.

ఒక ముసలామె గుడిసెలోంచి వచ్చి, కింద కూలబడి, అతని తల ఒళ్లో పెట్టుకుంది. ఊపిరి లేదు.

దొర దిగాడు. ముందుకు వచ్చి చూశాడు. పాత సొట్ట పక్కనే కొత్త సొట్ట.

"మతి లేదా వీనికి? పక్కకు జరిగితె ఏం పోతుండె? ఎవడు గాలయ్యా వీడు?"

గాలయ్య ఫుట్‌బోర్డు దిగాడు. ఎప్పటిలా చేతులు కట్టుకోలేదు.

"ఎండకాలంల గీడ కారుకు ఏందో తగిలితె, ఏందిర అని అడిగిన్రు దొరా. నేను పిల్ల అన్న."

దొర పాత సొట్ట వైపు చూశాడు.

"మేకపిల్ల అని మీరే అనుకున్నరు."

గాలయ్య తలకు చుట్టిన తువ్వాల విప్పి అతని మొహం మీద కప్పాడు.

"గా పిల్ల నాయిన గీయన."