తాడు గుంజితే లేస్తది

దుర్గవ్వతో కోడలు సుధారాణికి వేరే పేచీ ఏమీ లేదు, ఒక్క మూతల దగ్గర తప్ప. ఆ ఇంట్లో ఏ సీసాకూ ఉత్త మూత పడదు. మూత కింద పాలిథిన్ కవరు ముక్క ఉండాల్సిందే. తొక్కు సీసాకు, నూనె క్యానుకు, చివరికి దగ్గు మందుకు కూడా. తొక్కు బూజు పట్టదన్నది నిజమే. దగ్గు మందుకు బూజెందుకు పడుతుందో సుధారాణి చదివిన బీఎస్సీలో చెప్పలేదు.

బీడీలు చుట్టి చుట్టి దుర్గవ్వ వేళ్లు కొంకర్లు పోయాయి. అందుకని ఆమె పక్కన కూర్చుని "ఇంక గట్టిగ, ఇంక గట్టిగ" అనేది, కొడుకు శైలేందర్ బిగించేవాడు. చిన్నప్పటి నుంచీ అతనికి అదే డ్యూటీ. తర్వాత ఆ మూత తెరవడానికి సుధారాణి కొంగూ, దమ్మూ రెండూ ఖర్చయ్యేవి.

సరే, మూతల సంగతి అట్లా ఉంచితే, అసలు గోల గడ్డి మిషన్‌ది.

లింగంపేట దగ్గరి ఊరు వాళ్లది. ఇంట్లో రెండు బర్రెలు. పొలం గెట్ల మీద రోజూ పచ్చగడ్డి కోసేది సుధారాణే. నడుము పట్టేసి, వంగొద్దని కామారెడ్డి డాక్టరు చెప్పాక, శైలేందర్ పెట్రోలుతో నడిచే గడ్డి కోసే మిషన్ కొనుక్కొచ్చాడు. దండ వేశాడు. కొబ్బరికాయ కొట్టాడు. వాట్సాప్‌లో స్టేటస్ పెట్టాడు.

"కొడవలికి పెట్రోలు కావాల్నా, ఇంకేమన్న కావాల్నా," అన్నది దుర్గవ్వ. ఆమెకు మిషన్ గిట్టలేదని వాడకంతా తెలిసిపోయింది.

మొదటి రోజు శైలేందర్ కోస్తుంటే జనం నిలబడి చూశారు. మర్నాడు ఎవరూ రాలేదు. ఆ మర్నాడు సుధారాణి చీకటితోనే లేపి, చాయ్ ఇచ్చి, మిషన్ బెల్టు అతని భుజానికి తగిలించింది. కొడవలైతే ఆడవాళ్లది, మిషనైతే మగవాళ్లదని ఎవరూ చెప్పకుండానే ఊళ్లో తేలిపోయింది మరి.

వారం తిరక్కుండానే మిషన్‌కు రోగం పట్టింది.

తాడు గుంజితే లేస్తుంది. బుర్రుమంటుంది. చారెడు గడ్డి కోయగానే దమ్ము పోయినట్టు ఆగిపోతుంది. శైలేందర్ పక్కకు తిరిగి, ట్యాంకు మూత తీసి, లోపలికి తొంగిచూసి, "పెట్రోలైతే ఉన్నది" అని మళ్లీ బిగిస్తాడు. గుంజితే లేస్తుంది. మళ్లీ ఆగుతుంది. అతను గెట్టు మీద కూర్చుని ఫోన్లో దాని జబ్బు గురించి వీడియోలు చూస్తాడు. బర్రెలు వీడియోలు తినవు కనుక సుధారాణి నడుముకు బెల్టు కట్టుకుని కొడవలి పట్టేది.

ప్లగ్గు మార్చారు. ఎయిర్ ఫిల్టర్ కడిగారు. ఎల్లారెడ్డిలో మెకానిక్ సతీశ్ కార్బొరేటర్ విప్పి, ఊది, బిగించాడు. అతని షాపు ముందు మిషన్ ఊరంతా వినేట్టు మొత్తుకుంది, ఆగనే లేదు.

"దీనికేం బీమారి లేదన్నా," అన్నాడు సతీశ్.

ఇంటికొచ్చాక మళ్లీ అదే కథ.

"మన నసీబు," అన్నాడు శైలేందర్. "వాపసిద్దాం సుధా. ఆదివారం వరకు తెస్తే తీసుకుంటమని కామారెడ్డి షాపాయన అన్నడు."

"మరి గడ్డి?"

"ఇన్ని రోజులు ఎట్ల కోసినవ్?"

సుధారాణి నడుము మీద చెయ్యి పెట్టుకుని అతని వంక చూసింది. అతను ఆకాశం వంక చూశాడు.

ఆదివారం పొద్దున మిషన్‌ను బండికి కట్టడానికి వాకిట్లో పెట్టారు. "మన పెట్రోలు వాళ్లకెందుకు, సీసాలోకి వంపుకుంట," అంటూ సుధారాణి మూత మీద చెయ్యి వేసింది.

"ఉండు, నేను తీస్త," అని శైలేందర్ ఇంట్లోంచి ఉరికొచ్చేలోపే మూత ఊడింది. తొక్కు సీసాల మీద ఆరితేరిన చెయ్యి అది.

మూత లోపల, గుండ్రంగా అతుక్కుని, పాలిథిన్ కవరు ముక్క.

ఆమెకు నూనె డబ్బా గుర్తొచ్చింది. ఒక్క బొక్క కొడితే నూనె దిగదు. రెండోది కొడితే ధార కడుతుంది. ఈ మూతకూ సూది మొనంత బొక్క ఉంది. దాన్ని కవరు మూసేసింది. లోపలికి గాలి పోతేగా పెట్రోలు కిందికి దిగేది.

కవరు పీకేసి, మూత పెట్టి, తాడు తనే గుంజింది. మిషన్ లేచింది. కోళ్లన్నీ గోడెక్కాయి. పక్కింటివాళ్లు వచ్చి నిలబడ్డారు. అది ఆగలేదు. చివరికి ఆమే ఆపింది.

అందరి చూపూ అరుగు మీది దుర్గవ్వ వైపు తిరిగింది.

"ఎంత పని చేసినవే అవ్వా," శైలేందర్ గొంతు పెంచాడు. "కనపడ్డ మూతకల్లా కవరేనా? సుధ నడుము పోయినా నీకు సోయి లేదా? తప్పయిందని చెప్పు ముందు."

సుధారాణి కవరు ముక్కను తెచ్చి అత్త ఒళ్లో పెట్టింది.

దుర్గవ్వ కొంకర్లు పోయిన వేళ్లతో దాని మడత విప్పబోయింది. రాలేదు. వదిలేసింది.

"తప్పయింది బిడ్డా," అన్నది కోడలితో, "వీనికి మూత కింద కవరు పెట్టుడు నేర్పిన గని, గడ్డి కోసుడు నేర్పలె."