సూది మానమన్న మనిషి

చక్కెర జబ్బు క్లినిక్ వరండాలో కూర్చుని కింగా రెండో పొంచ్కి కూడా నోట్లో వేసుకుంది.

నూనెలో వేయించి, లోపల గులాబీ జామ్ కూరిన ఆ పిండివంటను ఈస్టర్ ఉపవాసాల ముందు వచ్చే గురువారం తినకపోతే ఏడాదంతా కలిసిరాదని రాడోమ్ ఊరు ఊరంతా నమ్ముతుంది. క్లినిక్‌కు వచ్చినవాళ్లూ నమ్ముతారు. కాకపోతే సంచిలో తల దూర్చి దొంగచాటుగా తింటారు.

కింగా అందరి ఎదుటే తిన్నది. తినేముందు అందరి ఎదుటే చొక్కా ఎత్తి పొట్టలో ఇన్సులిన్ పొడుచుకుంది. ముప్పయ్యొక్క ఏళ్లుగా సూది పోట్లతోనే బతుకుతోంది, ఇంకా సిగ్గేమిటి? సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే మనిషి ఎవరి చూపులకో జంకితే ఆ ఉద్యోగం ఒక్కపూట నిలవదు.

అప్పుడే ఒక ముసలామె వచ్చింది. నెరిసిన జడను తల చుట్టూ చుట్టుకుంది. చివర ఎవరున్నారని వరుసను అడగకుండా నేరుగా డాక్టరు తలుపు వైపు నడిచింది. డాక్టరుని ఒక్క మాట అడిగి పోతానన్నది.

ఒక్క మాటని చెప్పి లోపల గంటసేపు తిష్ఠ వేసేవాళ్లను ఆ వరండా చాలామందిని చూసింది. కింగా లేచి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"మేమంతా ఒక్క మాట కోసమే వచ్చాం పెద్దమ్మా. చివర నేనే. నా వెనక కూర్చోండి."

ముసలామె వాదించలేదు. పక్కన కూర్చుని, జబ్బు ఎన్నో ఏట వచ్చిందని మెల్లగా అడిగింది. ఏటా పాడా, ఆరువారాల పసిగుడ్డుగా ఉన్నప్పుడే వచ్చిందని కింగా విసురుగా చెప్పింది.

ముసలామె ఆమె చేయి గట్టిగా పట్టుకుంది.

"అయితే నీకు సూదే అక్కర్లేదేమో తల్లీ. రక్తపరీక్ష ఒకటుంది, చేయించుకో. అంత పసితనంలో వచ్చినవాళ్లలో కొందరికి మాత్రలు చాలు."

కింగా చేయి లాక్కుంది. పన్నెండో ఏట ఇలాగే ఎవరో ఆకు కషాయం ఇచ్చి సూది మానమన్నారు. తల్లి నమ్మింది. రెండో రోజుకల్లా కింగా స్పృహ లేకుండా ఆసుపత్రిలో పడి ఉంది.

"సూది మానితే ఏమవుతుందో మీకేం తెలుసు? ఒడ్డున కూర్చుని ఎన్నైనా చెబుతారు."

వరండా వంత పాడింది. ఆకులమ్ముకునే మనిషై ఉంటుందని ఎవరో తేల్చేశారు. ముసలామె తన సంగతి చెప్పబోతే ఆ గోలలో కలిసిపోయింది. పరీక్ష పేరైనా రాసిస్తానన్నది. రాసిస్తే అక్కడే చించేస్తానన్నది కింగా.

ముసలామె లేచి వెళ్లిపోయింది.

రెండేళ్ల తర్వాత కొత్త డాక్టరు రోమన్ వచ్చి, పాత డాక్టరు ఏనాడూ అడగని ప్రశ్న మొదటిరోజే అడిగాడు. జబ్బు ఎప్పుడు వచ్చిందో వినగానే రక్తం తీసి పరీక్షకు పంపాడు. మూడు నెలలకు ఫలితం వచ్చింది. మాత్రలు చాలు.

తాను ముందునుంచీ పనిచేసే పెద్దాసుపత్రి వార్డులో చేర్చుకుని ఒక పట్టిక చేతికిచ్చాడు. ఏ రోజు ఎన్ని మాత్రలు పెంచాలో, సూది ఎంత తగ్గించాలో, ఒంట్లో ఎలా ఉంటుందో అందులో ఉంది. నాలుగో రోజు చక్కెర చుక్కలనంటింది. నర్సు కంగారుపడి సూది తెచ్చింది.

కింగా రెండు చేతులూ చంకల్లో బిగించుకుంది. "నాలుగో రోజు ఇలాగే ఉంటుందని రాసే ఉంది. డాక్టరుని పిలవండి. ఆయన చెబితే తప్ప పొడిపించుకోను."

డాక్టరు వచ్చి పక్కనే కూర్చున్నాడు. సాయంత్రానికి చక్కెర దిగింది. తొమ్మిదో రోజుకు సూది అవసరమే లేకపోయింది.

కింగా ఏడ్చింది. సంతోషం కన్నా కోపమే ఎక్కువ. రెండేళ్ల పాటు రోజుకు ఐదు పోట్లు తన నోటితో తనే కొనితెచ్చుకుంది. వరండాలో పరీక్ష సంగతి చెప్పిన ఆ ముసలామె కాళ్లు పట్టుకోవాలనుందని, తల చుట్టూ జడతో ఆమె ఎలా ఉంటుందో డాక్టరుకు వర్ణించి చెప్పింది.

రోమన్ ఆమెను వెంటనే గుర్తుపట్టాడు. ఆమె పేరు లెయోకాడియా అని, ఇలాంటి రోగుల్ని వెతుకుతూ వారానికో క్లినిక్‌కు వెళ్లేదని, చాలాచోట్ల లోపలికే రానివ్వలేదని చెప్పాడు. కిందటి చలికాలంలో పోయిందట.

"ఆమె కూడా డాక్టరేనా?"

"కాదు, బడిలో వంటమనిషి," అన్నాడు రోమన్. "మాత్రలు బతికిస్తాయో చంపుతాయో మాకే తెలియని రోజుల్లో, నీలాగే పసితనం నుంచి పొడిపించుకున్న యాభై ఎనిమిదేళ్ల సూదిని పక్కనబెట్టి ఈ వార్డులో అందరికన్నా ముందు పడుకున్నది ఆమే, నీ చేతిలో ఉన్న పట్టిక ఆమె ఒంట్లో ఏ రోజు ఏం జరిగిందో చూసి రాసుకున్నదే."