పిట్టల్ని వాలనివ్వని మనిషి

బాతులు దిగబోతుండగా చెరువు ఆవలి మూల నుంచి కంచం మోగింది.

మంద మొత్తం ఒక్కసారిగా పైకి లేచింది. గాల్లో ఒక చుట్టు తిరిగి, ఎక్కడ వాలాలో తెలియనట్టు దూరంగా పోయింది.

శాలిని బైనాక్యులర్ దించేసింది. ఆ వారమంతా ఇదే జరుగుతోంది.

ఆమె పాలకోడులో బడి టీచరు. బడికి పోయేముందు రోజూ పొద్దున్నే పెరియంపట్టి దగ్గరున్న ఈ చెరువుకు వస్తుంది. చలికాలమంతా ఇక్కడ గడిపిన సూదితోక బాతులు మార్చి నెలలో ఉత్తరానికి తిరుగు ప్రయాణమవుతాయి. హిమాలయాలు దాటాలి. ఆలోగా కడుపు నిండా తిని ఒంట్లో బలం కూడబెట్టుకోవాలి. బెదరగొట్టిన ప్రతిసారీ ఆ బలం కొంత కరిగిపోతుంది.

పైగా ఆదివారం అధికారులు వస్తున్నారు. పిట్టలు బాగా కనబడితే ఈ చెరువును పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించే ఆలోచన ఉంది. దానికోసం శాలిని ఎక్కని ఆఫీసు మెట్టు లేదు.

కట్ట మీదుగా నడిచి ఆ మూలకు వెళ్ళింది.

నీళ్ళ మీద మంచు ఇంకా విడలేదు. అందులో మోకాళ్ళ లోతున ఒక ముసలామె నిలబడి ఉంది. చేతిలో సొట్టలు పడిన సత్తు కంచం, గరిటె.

పిట్టల్ని ఎందుకు తోలుతున్నావు అవ్వా అని అడిగింది శాలిని.

ముసలామె తిరిగి చూడలేదు. "ఈ మూల వాలిన పిట్ట మళ్ళీ లేవదు పాపా."

"ఎందుకు లేవదు?"

ముసలామె పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. నీళ్ళలోకి వంగి, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు గొణుక్కుంటూ, బురదలోంచి ఏదో ఏరి ఒడిలో వేసుకోసాగింది.

ఆమెకు మతి సరిగ్గా లేదేమో అనిపించింది శాలినికి. ఇంకేమీ అడగకుండా వెనక్కి వచ్చేసింది.

కట్ట కింద గుడిసెలో కన్నప్పన్ ఉంటాడు. చేపల గుత్తేదారు పెట్టిన కాపలా మనిషి. ఏ పిట్ట ఎక్కడ గూడుకట్టిందో శాలినికి చూపించేది అతనే. ముసలామె సంగతి చెబితే తల అడ్డంగా ఊపాడు.

"అది ఎవరో పైత్యం మేడం. ఏ ఊరిదో కూడా తెలీదు. నీళ్ళతో మాట్లాడుతా ఉంటుంది."

ఆదివారం దాకా ఇటు రాకుండా చూడగలవా అని అడిగింది శాలిని.

"ఇంక రాదు. నేను చూసుకుంటాను."

అంత సులువుగా ఒప్పుకున్నందుకు శాలిని అతనికి దండం పెట్టింది.

మర్నాడు శనివారం. శాలిని వచ్చేసరికి చెరువు దగ్గర చప్పుడే లేదు.

కంచం మోగలేదు. ముసలామె ఉండే మూలలో బాతులు నిండుగా వాలి ఉన్నాయి. శాలినికి కళ్ళు చెమర్చాయి. బైనాక్యులర్ ఎత్తి చూస్తూ ఉండిపోయింది.

చాలాసేపటికి గానీ తేడా తెలియలేదు.

ఏ ఒక్కటీ నీళ్ళలో ముక్కు ముంచడం లేదు. ఏ ఒక్కటీ రెక్క విదిలించడం లేదు. గాలి వీస్తే అన్నీ కలిసి ఒకే పక్కకు జరుగుతున్నాయి. గాలి ఆగితే ఆగిపోతున్నాయి.

శాలిని వాటి దగ్గరికి నడిచింది. లేవలేదు. నీళ్ళలోకి దిగింది. లేవలేదు. చప్పట్లు కొట్టింది. ఆ చప్పుడు ఎదుటి కట్టకు తగిలి తిరిగి ఆమె దగ్గరికే వచ్చింది.

ఒడ్డు పక్కన ఒక్క బాతు మాత్రం కన్ను తెరిచి ఆమెను చూసింది. మెడ ఎత్తబోయి, మెల్లగా నీళ్ళ మీద వాల్చేసింది.

దాని ముక్కు దగ్గర ఊదారంగు పట్టిన వడ్లు తేలుతున్నాయి.

పురుగుమందులో నానబెట్టిన వడ్లు. ముసలామె బురదలోంచి ఏరుతున్నది ఏమిటో శాలినికి అప్పుడు అర్థమైంది.

గుడిసె దగ్గరికి పరిగెత్తింది. కన్నప్పన్ లేడు. అడుగున ఊదారంగు అంటిన బక్కెట్టు ఉంది. మాంసానికి అమ్మడానికి బాతుల్ని నింపిన గోనెసంచులు ఉన్నాయి. మూతి కట్టిన ఒక సంచి ఇంకా కొద్దిగా కదులుతోంది.

ఆమె ముడి విప్పేసరికి ఆ కదలికా ఆగిపోయింది.

పోలీసులకు ఫోన్ చేసి, ముసలామెను వెతుక్కుంటూ ఊళ్ళోకి వెళ్ళింది. వాకిలి ఊడుస్తున్న మాదేశ్వరి అనే ఆమెను అడిగితే, కంచం మోగించేది కెంపమ్మ అని చెప్పి పక్క సందులోకి తీసుకుపోయింది.

తలుపుకు బయట బీగం వేసి ఉంది. లోపల కంచం మోగుతోంది. నీరసంగా, ఆగి ఆగి.

"తెల్లారకముందు నుంచి మోగతానే ఉంది," అంది మాదేశ్వరి. "తలుపు తీసినవాళ్ళ అంతు చూస్తానని చెప్పి పోయినాడు కన్నప్పన్."

ఇద్దరూ కలిసి రాయితో బీగం పగలగొట్టారు.

కెంపమ్మ చీకట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. వేళ్ళు చిట్లి కంచమంతా రక్తం. వెలుతురు పడగానే తల ఎత్తింది.

"పిట్టలు లేచినాయా పాపా?"

శాలిని ఆమె ముందు కూలబడింది. ఆ చేతులు రెండూ పట్టుకుంది. ఆ వడ్లు చల్లుతున్నది ఎవరో నిన్ననే నాతో ఒక్క మాట ఎందుకు చెప్పలేదవ్వా అని అడిగింది.

కెంపమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది.

"ఎట్ల చెప్తాది?" గడపలో నిలబడిన మాదేశ్వరి మెల్లగా అంది. "వాడు ఆమె కడుపున పుట్టినోడే కదా."