బిగించిన చెయ్యి

జయరాజు దుకాణం షట్టర్ సగం దించి ఉంది. బల్ల మీద లారీ ఇంజన్‌లోకి గాలి తోసే టర్బో. దాని పక్కన మూరెడు పొడుగు పైపు రెంచి. టర్బో విప్పడానికి ఆ రెంచితో పనేమీ లేదు. ధర్మా దాన్ని చూసి, చూడనట్టు కూర్చున్నాడు.

అతను కూర్చున్నది మరియమ్మ స్టూలు మీద. ఆమె పోయాక జయరాజు ఎవరినీ దాని మీద కూర్చోనివ్వలేదు. ఇవాళ ధర్మాను పిలిపించి మరీ కూర్చోబెట్టాడు.

"గీ టర్బో ఏ బండిదో ఎరుకేనా?"

"ఎరుకే అన్నా. నేను నడిపిన లారీది."

రెండేళ్ల కిందట పెన్‌పహాడ్ స్టేజీ దగ్గర బస్సు కోసం నిలబడిన జయరాజు భార్య మరియమ్మను తొక్కేసిన లారీ అది. వడ్ల లోడుతో మిర్యాలగూడ మిల్లుకు పోతోంది. కీ తీసేసినా ఇంజన్ ఆగలేదని, బండి తన చేతుల్లో లేకుండా పోయిందని ఆ రోజు పోలీసులకు చెప్పాడు ధర్మా. కోర్టుకు వచ్చేసరికి మాట మార్చాడు. తప్పు నాదేనన్నాడు. ఏడాది జైల్లో ఉండి వచ్చాడు.

జయరాజుకు ఆ ఏడాది చాలలేదు. లారీని కోదాడలో తుక్కు కింద కోస్తున్నారని తెలిసి వెళ్లాడు. టర్బోను తన చేత్తోనే ఊడదీసి సూర్యాపేట తెచ్చుకున్నాడు. ఇరవై ఏళ్లుగా అతనిది టర్బోలు బాగుచేసే పనే. ఇనుము అబద్ధం చెప్పదు. మనుషుల మీద అతనికి ఆ నమ్మకం ఎప్పుడూ లేదు.

"ఇను. టర్బో మంచిగుంటే నువ్వు అబద్ధం ఆడినవ్. సీలు పోయి నూనె ఇంజన్ల పడ్డదంటే, ఇంజన్ ఆ నూనె తాగి ఉరికినట్టు. అప్పుడు దీన్ని బాగుజేసినోడు నా పెండ్లాన్ని సంపినట్టు. ఇద్దర్ల ఒక్కడు. ఆ ఒక్కడు ఇయ్యాల నడుసుకుంట ఇంటికి పోడు."

"ఇప్పకు అన్నా. తప్పు నాదని ఒప్పుకున్న గద."

"ఎందుకు ఒప్పుకున్నవ్?"

"ఒప్పుకుంటే ఖతం అయితదనుకున్న."

"నీకు అయింది. నాకు గాలె."

దుకాణం మొత్తంలో నూనె మరక అంటని అర ఒక్కటే. దాని మీద మరియమ్మ ఫోటో, ఆమె బైబిలు, అడుగంటిన ఎర్ర గోళ్ల రంగు సీసా. గోళ్లకు ఆమె ఏనాడూ రంగు వేసుకోలేదు. ధర్మా ఆ అర వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

జయరాజు గాలి వైపు మూత తీశాడు. లోపలంతా గడ్డకట్టిన నల్లటి మసి. చక్రాన్ని వేలితో కదిపాడు. షాఫ్ట్ వదులు పంటిలా ఊగింది. రెక్కల అంచులు మూతను రాసుకుని అరిగిపోయి ఉన్నాయి. మసి పట్టిన నట్టును ఊడదీసి డబ్బాలో పడేశాడు. చక్రం తీశాడు. వెనక పలక తీశాడు. దీపం దగ్గరికి లాక్కున్నాడు.

నూనెను ఆపే సీలు రింగు కూర్చునే గాడి కనిపించింది.

గాడి ఖాళీగా ఉంది.

రింగు విరిగితే ముక్క దొరకాలి. గాడి అంచు చెదిరిపోవాలి. ముక్క లేదు. అంచు కొత్తదానిలా ఉంది. రింగు పోలేదు. అసలు వేయనే లేదు.

జయరాజు ఆ గాడిని గోటితో మరోసారి తడిమి చూశాడు.

"నువ్వు అబద్ధం ఆడలే" అన్నాడు చివరికి. క్షమించమని మాత్రం అడగలేదు. "కోతల సీజన్ల పని మీద పడ్డది. తొందరల రింగు మర్శిపోయిండు దొంగ కొడుకు."

"ఎవలైనా మర్శిపోతరన్నా."

"నేను మర్శిపోను. ఎవడు వాడు? ఏడ జేయించిన్రు?"

"మా షావుకారి పని అది. సిమెంటు సంచిల సుట్టి బస్సుకేసిండు. వారానికి గదే సంచిల మళ్లొచ్చింది."

అందులో వింత ఏమీ లేదు. మిల్లు లారీల టర్బోలు అలాగే తిరుగుతాయి. జయరాజు దగ్గరికీ సంచుల్లోనే వస్తాయి. ఏది ఏ లారీదో, ఆ లారీని నడిపేది ఎవరో అతను ఏనాడూ అడగలేదు.

"సంచి మీద పేరుంటది గద."

"ఉన్నది."

"సదివినవా?"

"సదివిన. దవాఖానల నిన్ను సూసిన నాడు మళ్ల యాదికొచ్చింది."

"సెప్పు."

"సెప్ప."

"వాని కోసం నువ్వు జైలుకు పోయినవా రా?"

"ఇంకో ఏడు పొమ్మన్నా పోత. పేరు మాత్రం సెప్ప."

జయరాజు రెంచి అందుకున్నాడు. ధర్మా కదల్లేదు. చేతులు అడ్డం పెట్టుకోలేదు. ఒక్క నిమిషం అలాగే ఉండి, జయరాజు రెంచిని మళ్లీ బల్ల మీద పెట్టాడు.

పేరుతో పని లేదు. టర్బో బిగించాక ప్రతి మిస్త్రీ నట్టు మీద తన గుర్తు పెడతాడు, మళ్లీ విప్పితే అదే వరసలో కూర్చోబెట్టడానికి. మిర్యాలగూడ ఫకీరా మూడు చుక్కలు కొడతాడు. కోదాడ వాళ్లు ఉలితో అడ్డంగా గాటు పెడతారు. గుర్తు దొరికితే మనిషి దొరికినట్టే.

డబ్బాలోంచి నట్టు తీసి డీజిల్ గిన్నెలో వేశాడు. బ్రష్షు తీసుకున్నాడు.

ధర్మా స్టూలు మీద నుంచి జారి మోకాళ్ల మీద పడ్డాడు. "అన్నా, నీ కాళ్లు మొక్కుత. ఆ నట్టు కడగకు."

"బాగ దగ్గరోడా నీకు?"

"నాకు గాదన్నా."

జయరాజు వినిపించుకోలేదు. రుద్దాడు. దీపం కిందికి తెచ్చాడు.

మసి వదిలిన నట్టు మీద తేలింది సన్నని ఎర్ర గీత, జయరాజు బిగించిన ప్రతి టర్బో మీదా ఆ స్టూలు మీద కూర్చుని గోళ్ల రంగుతో మరియమ్మ గీసిన గీత.