మందు పెట్టిన చెయ్యి

కదిరమ్మ గడపలో కాలు పెట్టిందో లేదో, నల్లకుక్క గిన్నెలో అన్నం వదిలేసి ఆమె మీదికి ఎగిరింది.

ఒళ్లంతా ఊపుకుంటూ ఆమె చేతులు నాకుతోంది.

మగ్గం గుంతలో కూర్చున్న జయంతికి కడుపు మండిపోయింది.

మండదూ మరి! పెంచుకునేవాళ్లు దొరికేదాకా షెల్టరు కుక్కలను ఇళ్లలో ఉంచుకుని సాకడానికి ధర్మవరంలో కొన్ని కుటుంబాలు ముందుకొచ్చాయి. అందరిలోకీ జయంతికే పేరు. ఆమె ఇంటి కుక్కల బుద్ధి చూసి జనం ముచ్చటపడి తీసుకెళ్లేవారు.

పాలు పోసేది తను. ఒళ్లు కడిగేది తను. పట్టు కండెలు చుట్టుకుని బతకడానికి కంబదూరు నుంచి వచ్చిన ఈ మనిషిని చూస్తే చాలు, ప్రతి కుక్కకూ పూనకమే!

"ఏం మందు పెడ్తివి మే దీనికి?" అడిగేసింది జయంతి.

"అయ్యో, నోరులేని జీవానికి మందేందమ్మా!"

"పోయిన కుక్కా ఇట్లే చేసె, అంతకు ముందుదీ ఇట్లే చేసె. నా కూడు తిని నీ చేతులు నాకుతాండాయి. ఇంగ నీకు పనీ లేదు, ఏమీ లేదు. మా ఇంటికి రావద్దు."

కదిరమ్మ ఏదో చెప్పబోయింది. ఏమనుకుందో, కుక్క తల నిమిరి వెళ్లిపోయింది.

జయంతి అంతటితో ఊరుకుందా? మందు సంగతి వీధంతా చెప్పింది. కదిరమ్మకు పట్టు ఇచ్చేవాళ్లే లేకుండా పోయారు. ఆమె మూట కట్టుకుని ఊరు విడిచింది. ఎటు పోయిందో ఎవరూ అడగలేదు.

నల్లకుక్కను కదిరి ఊరివాళ్లెవరో పెంచుకోవడానికి తీసుకెళ్లారు. షెల్టరు నడిపే గంగాధరప్ప ఇంకో కుక్కను తెచ్చి వదిలాడు.

అది మగ్గం గుంతలో దూరి బయటికి రాలేదు. పాలు ముట్టలేదు. చెయ్యి చాపితే జయంతిని కసుక్కున కరిచింది. చూడ్డానికొచ్చినవాళ్లు గడప దగ్గర్నుంచే వెనక్కి తిరిగారు.

జయంతి గంగాధరప్పను పిలిపించింది.

"ఏమన్నా, ఇట్లాంటిది తెస్తివి? దీన్నెవరు తీస్కపోతారు?"

"ఎవరూ తీస్కోకుంటే దీని బతుకంతా బోనులోనేమ్మా."

"ముందటివన్నీ ఎంత మంచివి!"

గంగాధరప్ప తల వంచుకున్నాడు.

"అవి దీనికంటే మొండివమ్మా. కరిచే కుక్కలని తెలిస్తే నువ్వు ఇంట్లోకి రానీవని, నీకు చెప్పొద్దని నాతో ఒట్టు పెట్టించుకునింది కదిరమ్మ."

"కదిరమ్మా?"

"రైలు గేటు కాడ తన షెడ్డులో పెట్టుకుని, కరిపించుకుంటానే చేత్తో ముద్దలు తినిపించి, మెత్తబడినాక 'జయంతమ్మ ఇంటికి పంపన్నా, ఆడ ఉంటే మంచోళ్ల కంట్లో పడతాది' అని ఆయమ్మే నా చేతికి ఇస్తాండె."