సీటు కింద సీసం

"నూట యాభై మూడు," అన్నాడు తూకం అధికారి.

అర సెకను తేడాతో పందెం పోగొట్టుకుని అప్పటికే ఉడికిపోతున్న అమ్మాయి, హెల్మెట్ తీసి అంకె వైపు చూసింది. కార్టు అనే ఈ చిన్న రేసు బండీ, నడిపే మనిషీ కలిపి నూట నలభై ఐదు కిలోలకు తగ్గకూడదన్నది రూలు. తగ్గితే గెలిచినా చెల్లదు. ఎక్కువైతే మాత్రం ఎవరికీ పట్టదు, అందుకే రోజూ ఉండే అధికారి తల ఊపి పంపేసేవాడు. ఈయన కొత్త. అంకె పైకి చదివాడు.

"ఎనిమిది కిలోలు ఎక్కువెలా వచ్చింది నాన్నా? నేనేం లావెక్కలేదు. బండి బిగించేది నువ్వు."

మెకానిక్ అయిన నాన్న పానాను చేతిలో తిప్పుతూ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. పక్కనే పెద్ద జట్టు నుంచి వచ్చిన సెలెక్టర్ ఉన్నాడు. కార్టు పిల్లల్ని ఏరుకుని మెట్టు మెట్టుగా పెద్ద రేసు కార్ల దాకా ఎక్కించే జట్టు అది. ఉన్నది ఒక్కటే చోటు, గెలిచినవాళ్ళకే ఇస్తానని పొద్దున్నే చెప్పాడు. గెలిచిన కుర్రాడు అవతల ఫోటోలు దిగుతున్నాడు.

"సీటు కింద సీసం బిళ్ళలు నేనే పెట్టాను తల్లీ," అన్నాడు నాన్న చివరికి. "ఆ పెద్ద కార్లు మూడొందల వేగంతో పోతాయి. నాకు భయమేసింది. నాలుగుసార్లు ఓడిపోతే నువ్వే విసుగొచ్చి మానేస్తావనుకున్నా. కానీ ఎనిమిదా..."

ఆ చివరి మాట ఎవరికీ వినపడలేదు, అప్పటికే అమ్మ అందుకుంది. అమ్మ దర్జీ. పక్కటెముకలు దెబ్బతినకుండా కూతురు వేసుకునే మెత్త చొక్కా ఆవిడ కుట్టిందే. పందెం జరిగినంతసేపూ కంచె పట్టుకుని తొక్కు తొక్కు అని గొంతు చించుకునేదీ ఆవిడే.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా! కన్నకూతురి కాళ్ళకు బండ కట్టడానికి చేతులెలా వచ్చాయండీ మీకు?"

సెలెక్టర్ గడియారం చూసుకున్నాడు. తనకు విమానం టైమవుతోందన్నాడు. ఆ సీసం తీసేసి ఇప్పుడే ఐదు చుట్లు తిరగమన్నాడు. గెలిచిన కుర్రాడి మంచి చుట్టు కంటే ఒక్కటి వేగంగా తిరిగితే చోటు ఆమెదే, కాకపోతే దిగాక తూకం చూడాలి, రూలు రూలే.

నాన్న పానాను బోల్టు మీద పెట్టి, తిప్పకుండా కూర్చున్నాడు. కాలుగాలిన పిల్లిలా బండి చుట్టూ తిరుగుతున్న అమ్మాయి ఇక ఆగలేక పానా లాక్కుని తనే విప్పింది. బిళ్ళలు ఒక్కొక్కటే నేల మీద పడుతుంటే నాన్న ముఖం తిప్పుకున్నాడు. అమ్మ దగ్గరకొచ్చి, ఐదు చుట్లేగా, ఉక్కగా ఉంది, ఆ చొక్కా తీసేయరాదా అంది. అది లేకపోతే లోపలికి రానివ్వరని కసిరి అమ్మాయి బండెక్కింది.

మొదటి చుట్టు చాలలేదు. రెండోదీ చాలలేదు. మూడో చుట్టులో వెనక చక్రం గడ్డిలోకి జారితే కంచె దగ్గర అమ్మ కళ్ళు మూసుకుంది. నాలుగోది వెంట్రుకవాసిలో తప్పింది. ఐదోది కుర్రాడి చుట్టు కంటే సెకనులో పదింట రెండు వంతులు ముందే ముగిసింది.

సెలెక్టర్ వచ్చి చెయ్యి కలిపాడు. వచ్చే నెల నుంచే శిక్షణ అన్నాడు. నాన్న టైరు మీద కూలబడి ఏడ్చేశాడు. ఆ ఏడుపు సంతోషమో భయమో ఆయనకే తెలియదు. అమ్మ మాత్రం, చూశారా, మీ బిళ్ళలు లేకపోతే నా కూతురికి తిరుగుందా అని ఇంకా దులిపేస్తూనే ఉంది.

బండి తూకం ఎక్కింది.

"నూట నలభై ఎనిమిది," అన్నాడు అధికారి. "ఇంకా మూడు కిలోలు ఎక్కువే."

అమ్మాయి చురుగ్గా నాన్న వైపు తిరిగింది. ఆయన కళ్ళు తుడుచుకుని, కింద పడున్న బిళ్ళలు వేలితో లెక్కపెట్టాడు.

"ఒట్టు తల్లీ, నేను పెట్టినవి ఐదు కిలోలే."

అంతసేపూ దులిపేస్తున్న అమ్మ కూతురి ముఖం చూడకుండా చెయ్యి చాపింది.

"ఆ చొక్కా ఇలా ఇవ్వవే. కుట్లు విప్పాలి."